అరిసె మీది నువ్వు

సంక్రాంతి అరిసెలకు రాజమండ్రిలోనైనా రాయ్‌పూర్ శంకర్ నగర్‌లోనైనా నువ్వులు అద్దాల్సిందే. మీ తమ్ముడికి నువ్వులు పడవనుకోండి. "నూనెలో వేగాక ఇంకేముంటుంది?" అంటారు పెద్దలు. ఉంటుంది! ఎలర్జీ తెచ్చేవి నువ్వులోని మాంసకృత్తులు. వాటిలో 2ఎస్ ఆల్బుమిన్ అనే దాని గొలుసులను గంధకపు బంధాలు గట్టిగా పట్టి ఉంచుతాయి. అందుకే అది వేడికీ, జీర్ణరసాలకీ తేలిగ్గా లొంగదు. ఒంట్లోని ఐజీఈ ప్రతిదేహాలు దాన్ని గుర్తుపట్టగానే మాస్ట్ కణాలు హిస్టమిన్ వదులుతాయి. దద్దుర్లు, ఆయాసం, ఒక్కోసారి ప్రాణాపాయం!

బదులుగా గసగసాలు అద్దుదామా? వాటి మాంసకృత్తులూ నువ్వులవాటిని పోలినవే. తమ్ముడి అరిసెలను ఏమీ అద్దకుండా కొత్త నూనెలో మొదటి వాయిగా తీయించండి. ఒత్తే చెక్కలు కూడా వేరే ఉండాలి. అది నువ్వులనూనె కాకూడదని వేరే చెప్పాలా!

కొన్న మిఠాయిలతో మరో చిక్కు. మన 2020 లేబుల్ నిబంధనల ఎలర్జీ జాబితాలో వేరుశనగ, పాలు, గుడ్డు ఉన్నాయి గాని నువ్వులు చేర్చలేదు. అమెరికా 2023లో చేర్చింది. కాబట్టి పొట్లం మీది దినుసుల పట్టికలో 'తిల్' అని ఉందేమో చూడండి.