మీకు తెలుసా? ప్లీహంలో పేరుకునే కొవ్వు

పిల్లవాడి కాళ్లూ చేతులూ సన్నగా ఉండి, పొట్ట మాత్రం ముందుకొస్తే మన ఇళ్లలో ముందుగా నులిపురుగుల మందు పడుతుంది. డాక్టరు ఎడమ డొక్క కింద నొక్కి చూస్తే గట్టిగా తగిలేది ప్లీహం, పాతవాళ్ల మాటలో ‘కడుపులో బల్ల’. దానికి తోడు ప్లేట్‌లెట్లు పడిపోయి, ముక్కు వెంట రక్తం కారుతూ, ఎముకలు నొప్పి పెడుతుంటే మలేరియా అంటారు, బ్లడ్ క్యాన్సరేమో అంటారు. రెండూ కావని తేలాక కూడా చాలామందికి తట్టని పేరు గోషే వ్యాధి.

తట్టకపోవడం కొత్తేమీ కాదు. 1882లో దీన్ని మొదట వర్ణించిన ఫ్రాన్స్ దేశస్థుడు ఫిలిప్ గోషే కూడా ప్లీహంలో కంతి అనే అనుకున్నాడు. లోపం ఒక ఎంజైములో ఉందని 1965లో అమెరికాలో రోస్కో బ్రేడీ బృందం తేల్చింది. ఆయుష్షు తీరిన రక్తకణాల పొరల్లోని ఒక రకం కొవ్వును విడగొట్టాల్సిన ఎంజైము అది. అది చాలకపోతే, పాత కణాలను మింగే కణాలే ఆ కొవ్వుతో ఉబ్బి ప్లీహం, కాలేయం, ఎముక మజ్జల్లో తిష్ఠ వేస్తాయి. మైక్రోస్కోపులో నలిపిన టిష్యూ కాగితంలా కనిపిస్తాయి.

నిర్ధారణకు మజ్జ తీయనక్కర్లేదు. రక్తంలోని తెల్లకణాల్లో ఆ ఎంజైము ఎంత పనిచేస్తోందో కొలుస్తారు. తర్వాత ఆ ఎంజైముకు మూలమైన జీబీఏ1 జన్యువు పరీక్షతో రూఢి చేసుకుంటారు. ఇంకో పరీక్షకు యంత్రమే అక్కర్లేదు. అటొక బొమ్మ, ఇటొక బొమ్మ పట్టుకుని చూపు మార్చమంటారు. కళ్లు చప్పున తిప్పలేక పిల్లవాడు తలనే విసురుతుంటే, జబ్బు మెదడునూ తాకిందన్న అనుమానం బలపడుతుంది. మెదడును తాకిందా లేదా అన్న తేడా ముఖ్యం. ఎందుకంటే, చికిత్సగా నరానికి ఎక్కించే ఎంజైము ప్లీహాన్ని తగ్గిస్తుంది గానీ మెదడులోకి చేరదు.

తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ జన్యులోపాన్ని మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికాలు మానని మన దగ్గర ఈ లెక్క గుర్తుండాలి. చికిత్స ఖరీదైనదే. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాద్ నిమ్స్ వంటి గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా కేంద్ర ప్రభుత్వ సాయం అందుతుంది.

గోషే ఉన్నవారికి ప్లీహం తీసేస్తే ఎముకల బాధ ముదిరే ప్రమాదం ఉంది. కారణం తేలకుండా ఆపరేషన్ మాట వస్తే, సంతకం పెట్టే ముందు ‘గోషేకు ఎంజైము పరీక్ష చేశారా?’ అని డాక్టరుగారిని అడగండి.