తట్టెడు మట్టిలో మధ్యయుగం

కడప జిల్లా పోరుమామిళ్లలో భైరవుడి గుడి ముందు రెండు రాతి పలకల మీద 1369 నాటి శాసనం ఒకటి ఉంది. అప్పట్లో ఉదయగిరి ప్రాంతాన్ని ఏలుతున్న భాస్కరుడు, అంటే విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు, అక్కడొక పెద్ద చెరువు కట్టించాడని అందులో సంస్కృత శ్లోకాల్లో చెప్పారు. వంశ ప్రశంసలూ పుణ్యఫలాలూ ఏ శాసనంలోనైనా ఉండేవే. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలేమిటో, చెరువును చెడగొట్టే ఆరు దోషాలేమిటో వరసగా చెప్పడం మాత్రం దీని ప్రత్యేకత. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా చెక్కించారు. పిల్లలకు ఇంట్లో మధ్యయుగ చరిత్ర చెప్పాలనుకునే తల్లిదండ్రులకు ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం దొరకడం కష్టమని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ ఆరు దోషాల్లో అయిదింటిని ఒక ప్లాస్టిక్ తట్టలో, నాలుగు దోసిళ్ల మట్టితో పరీక్షించి చూడొచ్చు.

చేతులతో చేయిస్తే చరిత్ర వస్తుందని ఈమధ్య అందరూ అంటున్నారు. ఆ పేరుతో ఇళ్లలో జరిగేది చూస్తే ఎక్కువగా అట్టముక్కల కిరీటాలు, వెండిరంగు కాగితం చుట్టిన కత్తులు, థర్మాకోల్ కోటలు. ఆ కోట సాయంత్రానికి తయారవుతుంది, మర్నాడు బడికి వెళుతుంది, దానికి మార్కులు పడతాయి. అయితే ఓరుగల్లు కోట చుట్టూ రాతి గోడ ఉండగా దాని బయట మళ్లీ మట్టిగోడ ఎందుకు కట్టారన్న ప్రశ్న ఆ థర్మాకోల్ పుట్టించదు. చేసిన వస్తువు ఎలా చేసినా సరిపోతుందంటే అందులో నేర్చుకోవడానికి ఏమీ లేనట్టే. చేతిపని చరిత్ర పాఠం కావాలంటే రెండు ఉండాలి. అది ఆ కాలం వాళ్లు వదిలివెళ్లిన ఏదో ఒక ఆధారం మీద నిలబడాలి. సరిగా చేయకపోతే చెడిపోయే పనీ అయి ఉండాలి.

చెరువు అలాంటి పని. వెడల్పాటి తట్టను ఒకవైపు కాస్త ఎత్తి పెట్టి, పల్లం వైపు అడ్డంగా కట్ట పోయమనండి. ముందు ఇసుకతో పోయనివ్వండి. నీళ్లు పోసిన కాసేపటికే కట్ట అవతల తడి కనిపిస్తుంది. కట్టలోంచి నీరు ఊరడం పోరుమామిళ్ల శాసనం చెప్పిన మొదటి దోషం. తర్వాత బంకమట్టి తడిపి, పిడికిలితో గట్టిగా అదిమి మళ్లీ పోయాలి. ఈసారి నీళ్లు నిలుస్తాయి. పిల్లలకు ధైర్యం వచ్చి ఇంకా పోస్తారు, పోయనివ్వాలి. నీళ్లు కట్ట మీద అన్నిటికంటే పల్లంగా ఉన్న చోటు వెతుక్కుని అక్కడ సన్నగా గాడి కోస్తాయి. ఆ గాడి చూస్తుండగానే గండి అవుతుంది. గండి పడ్డాక మత్తడి అంటే ఏమిటో చెప్పాల్సిన పనే ఉండదు. దాన్ని అలుగు అనండి, కళింగ అనండి, కట్టకంటే కాస్త తక్కువ ఎత్తులో రాళ్లు పేర్చిన ఆ చోటు ఎందుకుండాలో చెయ్యి ముందే తెలుసుకుంది. ఇక తూము సంగతి. కట్ట అడుగున ఒక స్ట్రా పెట్టి, దాని నోటికి గుడ్డముక్క బిరడా బిగిస్తే నీళ్లు ఆగుతాయి. మరి నిండు చెరువులో, నిలువులోతు నీళ్ల కింద ఉన్న ఆ బిరడాను తీసేదెవరు? పాత చెరువుల్లో కట్టకు లోపలివైపు నీళ్లలో నిలబడి కనిపించే రాతి స్తంభాలు ఈ ప్రశ్నకు జవాబు. వాటి మధ్య నుంచి దింపిన కర్ర చివర బిరడా ఉంటుంది, పైనుంచే లాగొచ్చు. చాలామంది పెద్దలు కూడా ఆ స్తంభాలను ఏదో పాత మండపం తాలూకు శిథిలాలనుకుంటారు.

మిగతా దోషాలు ఒక్కొక్కటీ ఒక్కో ఆదివారం పని. చెరువు నడుమ మెరక ఉండటం మరో దోషం. తట్టలో మధ్యన మట్టి కుప్ప ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి ఎన్ని గ్లాసుల నీళ్లు పడతాయో కొలిస్తే తేడా తెలుస్తుంది. చవుడు నేల ఇంకో దోషం. రెండు గిన్నెల్లో మెంతులు చల్లి ఒకదానికి మంచినీళ్లు, ఒకదానికి బాగా ఉప్పు కలిపిన నీళ్లు పోస్తే నాలుగైదు రోజుల్లో ఆ మాట నిజమో కాదో మెంతులే చెబుతాయి. నీళ్లు తక్కువగా ఉండి కింద భూమి ఎక్కువైతే ఏమవుతుంది, నీళ్లు ఎక్కువై భూమి తక్కువైతే ఏమవుతుంది అన్నవి కొలతలతో తేలే ప్రశ్నలు. ఆరోదే చిక్కు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం దోషమంటుంది శాసనం. దీన్ని ఏ మట్టితో పరీక్షిస్తాం? ఇక్కడ చేతిపని ఆగిపోతుంది, ఆగాలి కూడా. కట్ట ఒక రాజుది, కింద పొలాలు ఇంకో రాజువి అయితే తూము ఎప్పుడు ఎత్తాలో ఎవరు చెప్పాలి, గండి పడితే ఎవరు పూడ్చాలి అని అడిగితే పదేళ్ల పిల్లలు వాదనకు దిగుతారు. చెరువు అంటే మట్టీ నీళ్లూ మాత్రమే కాదు, ఒక ఏర్పాటు కూడా అని వాళ్లకు అక్కడే తెలుస్తుంది.

ఆ ఏర్పాటు గురించి మనకు తెలిసింది తక్కువేం కాదు. చెరువు తవ్వించినవారికీ బాగుచేసినవారికీ దాని కింది భూమిలో కొంత భాగం మాన్యంగా ఇచ్చే దశబంధం పద్ధతి ఉండేది. ఏ పొలానికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూసుకునే నీరటికి ఊరి పంటలో వాటా ఉండేది. ఓరుగల్లు చుట్టుపక్కల రామప్ప, పాఖాల, లక్నవరం లాంటి పెద్ద చెరువులు కాకతీయుల కాలానివి. వాటిలో కొన్నిటిని తవ్వించింది రాజులు కారు, వాళ్ల కింది సేనానులూ మంత్రుల కుటుంబాలూ. 1213 నాటి శాసనమున్న రామప్ప గుడిని కట్టించిన రేచర్ల రుద్రుడు కాకతీయ రాజు గణపతిదేవుడి సేనానే. రాజవంశం 1323లో అంతమైంది. చెరువులు మాత్రం ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2015లో చెరువుల పూడికతీత మొదలుపెట్టినప్పుడు ఆ పథకానికి మిషన్ కాకతీయ అని పేరు పెట్టడానికి కారణం అదే. రాజుల వరస బట్టీ పట్టిన పిల్లలకు ఈ తేడా కనిపించదు. కట్ట తెగితే మళ్లీ పోసిన పిల్లలు ఇంకోటి కూడా అడుగుతారు. వెయ్యిమంది కూలీలన్నారు కదా, వాళ్ల పేర్లేవి? శాసనంలో లేవు. మధ్యయుగం గురించి అడగదగిన పెద్ద ప్రశ్నల్లో ఇదొకటి. తట్ట మోసిన చేతికి అది తొందరగా తడుతుంది.

ఈ పద్ధతి మీద బలమైన ఆక్షేపణ ఒకటుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ విల్లింగ్‌హామ్ 2009లో వచ్చిన తన పుస్తకంలో ఒక తరగతి గురించి రాశాడు. బానిసత్వం నుంచి పారిపోయినవాళ్లు దారిలో బిస్కెట్లు తినేవారని చెప్పి ఒక టీచరు పిల్లల చేత బిస్కెట్లు చేయించాడు. పిల్లల ఆలోచనంతా పిండి, పాల కొలతల మీదే ఉంది, బానిసత్వం మీద లేదు. మనం దేని గురించి ఆలోచిస్తామో అదే గుర్తుంటుందని ఆయన వాదన. దీన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. థర్మాకోల్ కోట కట్టిన పిల్లలకు గుర్తుండేది జిగురు ఎంతసేపటికి ఆరుతుందన్నదే. అయితే ఆ వాదన చెడ్డ చేతిపనిని ఖండిస్తుంది, మంచిదాన్ని ఎలా ఎంచుకోవాలో కూడా చెబుతుంది. బిస్కెట్ సరిగా కాల్చినా మాడ్చినా బానిసత్వం గురించి కొత్తగా తెలిసేది లేదు. కట్ట తెగడానికీ మత్తడి కట్టడానికీ మధ్య ఉన్న సంబంధం మాత్రం 14వ శతాబ్దపు మనిషి ఆలోచన. పిల్లలు అచ్చంగా అదే ఆలోచిస్తున్నారు. ఫ్రాన్స్‌లో గెడలాన్ అనే చోట 1997 నుంచి 13వ శతాబ్దపు పనిముట్లతో, పద్ధతులతో ఒక కోట కడుతున్నారు. అప్పటి మేస్త్రీలు ఏం తెలుసుకుని ఉంటారో చేసి చూస్తే తప్ప తేలని సంగతులు కొన్ని ఉంటాయన్నదే దాని వెనకున్న నమ్మకం.

మట్టి లేకుండా కూడా ఈ పని చేయొచ్చు. అపార్ట్‌మెంట్లలో ఉండేవారికీ, డల్లాస్‌లోనో మెల్బోర్న్‌లోనో పిల్లల్ని పెంచుతున్నవారికీ మోటుపల్లి శాసనం అనుకూలం. చీరాల దగ్గరి ఆ రేవులో గణపతిదేవుడు 1244లో వర్తకులకు అభయమిచ్చాడు. అంతకుముందు రాజులు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాక్కునేవారని, తాను మాత్రం మామూలు సుంకం తప్ప ఏమీ తీసుకోనని అందులో ఉంది. ఎగుమతి దిగుమతుల మీద ఆ సుంకం ముప్పైకి ఒకటి. చందనం, కర్పూరం, ముత్యాలు, పగడాలు, మిరియాలు, పట్టు అని సరుకుల జాబితా కూడా ఉంది. ముప్పై చింతగింజలు ఒక ఓడ అనుకోండి. పాచిక వేసి ఒకటి పడితే ఓడ మునిగినట్టు. మునిగితే అన్నీ రాజుకే అనే నియమంతో పది ఆటలు, మునిగినా ఒడ్డుకు చేరిన సరుకులో ముప్పయ్యోవంతే రాజుది అనే నియమంతో పది ఆటలు ఆడించి, మళ్లీ ఏ రేవుకు వస్తారని అడిగితే చాలు. రాజు దయాగుణం వెనక ఖజానా లెక్క కూడా ఉందని పిల్లలే చెబుతారు. ఆ రేవును మార్కోపోలో కూడా వర్ణించాడు. లోయలో పాముల మధ్య ఉన్న వజ్రాల కోసం మాంసం ముక్కలు విసిరితే గద్దలు వాటిని పైకి తెస్తాయన్న కథ అక్కడిదే. ఆయన ఆ రాజ్యాన్ని ఏలుతున్న రాణిని చనిపోయిన రాజు భార్య అన్నాడు. 1261 నాటి మల్కాపురం శాసనమేమో రుద్రమను గణపతిదేవుడి కూతురంటుంది, తండ్రి ఇస్తానన్న మందడం గ్రామాన్ని ఆమె దానం చేసిందంటుంది. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి ఎవరిని నమ్మాలని అడగడం కూడా చేతిపనే అంటాను, కాగితం కత్తెర అక్కర్లేకపోయినా.

వంటింటికి మాత్రం ఎక్కువ బరువు ఎత్తకూడదు. మిరపకాయ, టమాటా, బంగాళాదుంప పోర్చుగీసువాళ్లు వచ్చాకే మన దేశానికి చేరాయి. అవి లేకుండా, మిరియం, అల్లం, చింతపండుతో ఒక పూట వండితే రుద్రమదేవి కాలపు రుచి తెలుస్తుందనడం అతిశయోక్తి. ఏం లేదో తెలుస్తుంది, అంతే. ఆ తర్వాత, ఓరుగల్లులో ఒక రూకకు దొరికే పూటకూళ్ల భోజనం గురించి క్రీడాభిరామంలో ఏముందో చదివి, అందులో మిరపకాయ ఎక్కడైనా ఉందేమో వెతకమంటే ఆ వంటకు ఒక ఆధారం తోడవుతుంది. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్రను చాలావరకు ఇలాంటి కావ్యాల్లో వెతికే రాశారు.

టైమెక్కడిది, పరీక్షలో అడిగేది 1323 కదా అంటారు. నిజమే, అదే అడుగుతారు. కానీ కట్ట కట్టి, తెగ్గొట్టి, మళ్లీ కట్టిన పిల్లలకు ఆ అంకె ఏ చెరువుకు ముందో, ఏ శాసనానికి తర్వాతో తెలిసి ఉంటుంది. ఏడాదికి ఇలాంటివి రెండు చేసినా చాలు, ప్రతి పాఠానికీ ఒక ప్రాజెక్టు పెట్టడమే పొరపాటు. మాకే చరిత్ర రాదు, పిల్లలకేం చెబుతాం అనేవాళ్లకు జవాబు ఇంకా తేలిక. ఒక్క శాసనం తాత్పర్యం చదివితే సరిపోతుంది. పల్లెలో పెరిగిన తాతయ్యలకూ అమ్మమ్మలకూ తూము, అలుగు, ఆయకట్టు అనే మాటలు పుస్తకంలో చూడకుండానే వచ్చు. ఈ పాఠంలో పెద్ద పండితులు వాళ్లే.

ఇంకో అభ్యంతరం పైకి ఎవరూ అనరు కానీ ఉంది. చెరువులూ సుంకాలూ చెబుతూ కూర్చుంటే యుద్ధాలు ఎప్పుడు చెబుతారు, అసలైన మధ్యయుగం అదే కదా అని. ఇళ్లలో పిల్లలకు ఇప్పుడు చేరుతున్న మధ్యయుగం సగం వాట్సాప్‌లో వచ్చేదే. అందులో రెండు మతాలు తప్ప మనుషులుండరు. యుద్ధాన్ని దాచమని నేననను. 1310లో మాలిక్ కాఫర్ ఓరుగల్లును ముట్టడించిన వైనం రాసిన అమీర్ ఖుస్రో ఆ మట్టిగోడకు ఉక్కు ఈటె కూడా దిగదని, రాళ్లు విసిరినా అవి వెనక్కి ఎగిరిపడతాయని శత్రుపక్షం నుంచి మెచ్చుకున్నాడు. ఒక ఇటుకల గోడా ఒక తడిపి అదిమిన మట్టిగోడా కట్టి గోళీలతో కొట్టించి చూస్తే ఆయన మాటలో నిజమెంతో, కవిత్వమెంతో తేల్చుకోవచ్చు. అంత గట్టి గోడ ఉన్నా 1323లో కోట ఎందుకు పడింది? తిండిగింజలు, లొంగిపోయిన నాయకులు, పదేపదే వచ్చిన దండయాత్రలు లాంటి కారణాలు మట్టి గోడలో దొరకవు, పుస్తకంలో వెతకాలి. ఆ తర్వాత రెండున్నర శతాబ్దాలు కూడా నిండకముందే, 1560ల్లో, గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ సాగర్ కట్ట లేచింది. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న రాజు ఆయన. ఆ కట్టకూ అలుగు కావాలి, తూము కావాలి. దానికి పోరుమామిళ్ల ఆరు దోషాల్లో ఏవి ఉన్నాయో, ఏవి తర్వాత మనం తెచ్చిపెట్టామో రాయమని పిల్లలకు ఒక కాగితం ఇచ్చి, ట్యాంక్‌బండ్ మీద ఒక సాయంత్రం నడిపించవచ్చు.