కంటికి కానరాని నాణెము

మహానంది కోనేటి యడుగున పడిన నాణెము గట్టుపై నిలిచినవారికి స్పష్టముగా కానవచ్చును. ఊటనీరగుటచే అది వేసవియందును నిలుకడ తప్పదని ప్రసిద్ధి. ఆ నీరు పారిన పొలములలో అరటి పండుచున్నది. నేడు మన పట్టణములలో పదుగురి నోట వినవచ్చు బిట్‌కాయిన్ కంటికి కానరాని నాణెము. దానికి సొంత ఊట యున్నదా, లేక అది పరుల కాలువపై ఆధారపడిన చెరువా యనునదే మేము విచారింపదలచిన విషయము.

సతోషి నకమోటో యను పేర 2008లో వెలువడిన పత్రము దీనికి మూలము. 2009 జనవరిలో ఇది పుట్టినది. ఏ ప్రభుత్వమును దీనిని ఇష్టానుసారము ముద్రింపజాలదనియు, 2 కోట్ల 10 లక్షలకు మించి నాణెములు పుట్టవనియు దీని గొప్ప. ఆ మాట నిజమే. కాని సరకు పరిమితమైనంత మాత్రమున ధర స్వతంత్రము కాదు. కొనుటకు వచ్చు సొమ్ము ఎచ్చటిదో చూడవలయును గదా!

2020 మార్చిలో కరోనా భయమున షేర్ బజారులు కూలగా, బిట్‌కాయిన్ ధరయు కొలది దినములలోనే ఇంచుమించు సగమయ్యెను. ఆ నెలలోనే అమెరికా ఫెడరల్ రిజర్వు వడ్డీని దాదాపు సున్నకు దించి, బాండ్లను కొని, సొమ్మును విస్తారముగా బజారులోనికి వదలెను. దాచిన ధనమునకు రాబడి లేకపోగా ధనికులు వాటాలవైపునకును, అంతకంటె సాహసమైన ఈ నాణెములవైపునకును మరలిరి. 2021 నవంబరులో ధర సుమారు 69 వేల డాలర్లకు ఎక్కెను. పిమ్మట ధరవరలను అణచుటకై 2022 మార్చి మొదలు ఆ సంవత్సరాంతమునకు వడ్డీని 4.25–4.50 శాతమునకు పెంచిరి. ఆ యేట నాస్‌డాక్ సూచి మూడవవంతు పడిపోయెను. బిట్‌కాయిన్ 16 వేల డాలర్ల దరికి దిగెను. ఎఫ్‌టీఎక్స్ సంస్థ దివాలాయు దీనికి తోడైనది గనుక నేరమంతయు వడ్డీదే యనుట న్యాయము కాదు. అయినను అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క గమనింపదగినది: పూర్తి పొత్తును 1 అనుకొనినచో, బిట్‌కాయిన్‌కును ఎస్ అండ్ పీ 500 సూచికిని దినచలనములలో గల పొత్తు 2017–19లో 0.01, 2020–21లో 0.36.

జపాను కేంద్రబ్యాంకు 2024 జూలై 31న వడ్డీని 0.25 శాతమునకు పెంచెను. అమెరికా ఆర్థికస్థితిపై కలిగిన భయమును దానికి తోడుకాగా, ఆగస్టు 5న టోకియో నిక్కీ సూచి ఒక్కదినమున 12 శాతమునకు మించి కూలెను. ఆనాడే బిట్‌కాయిన్ 50 వేల డాలర్లకు దిగువకు జారెను. అప్పు చౌకగా తెచ్చి ఆడినవారు, అప్పు ప్రియము కాగానే చేతికందిన దానినెల్ల అమ్ముదురు. ఇందులో వింత లేదు.

ఈ పాఠము మన సీమకు క్రొత్తది కాదు. 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధమున ఆ దేశపు ప్రత్తి ఇంగ్లండు మిల్లులకు అందకపోగా, మన నల్లరేగడి ప్రత్తికి గిరాకి పెరిగెను; యుద్ధము ముగియగానే ధర పడిపోయెను. అయినను రైతుకు నేల మిగిలినది. నాణెము ధర కూలినవానికి మిగులునదేమి?

మన దేశమున 2022 ఏప్రిల్‌నుండి దీని లాభముపై 30 శాతము పన్ను విధింపబడినది. ఒక నాణెమున వచ్చిన నష్టమును మరియొకదాని లాభములో తగ్గించుకొనుటకైనను వీలులేదు. మిగులు ధనము కలవారు తెలిసి సాహసించిన అది వారి యిష్టము. కాని పొలమును తాకట్టుపెట్టి, బంగారమును కుదువబెట్టి దీనిని కొనుట, వాషింగ్టనులో నిర్ణయమగు వడ్డీకి మన పంటభూమిని జామీను నిలుపుటయే యని మా దృఢాభిప్రాయము.