ఒక తీగ, పది కంప్యూటర్లు: సంఘ కార్యాలయమున సర్వరు ఏర్పాటు

ఒక తూమునీరు పలు పొలములకు పారుట రైతు సోదరుల కెల్లరకును తెలిసినదే. ఇంటర్నెట్టు తీగయు నట్టిదే. కార్యాలయమునకు ఒకటి, ఎరువుల గిడ్డంగికి ఒకటి, ధరలు చూడవచ్చు సభ్యులకు వేఱొకటి కొనుట సంఘపు సొమ్మునకు చేటు.

దీనికి క్రొత్త యంత్ర మక్కఱలేదు. మూలబడిన పాత కంప్యూటరు చాలును. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సును వెల లేకయే తెచ్చి దానిలో నెలకొల్పవచ్చును. దానికి రెండు నెట్‌వర్కు కార్డు లమర్చి, ఒకదానికి వెలుపలి తీగను, రెండవదానికి కార్యాలయపు స్విచ్చిని తగిలింపవలయును. వెలుపలికి కనబడునది ఒక్కటే చిరునామా. లోపల ప్రతి కంప్యూటరునకును 192.168తో మొదలగు వేఱు చిరునామా యుండును. నడుమనున్న సర్వరు, వచ్చిన జాబులను ఎవరివి వారికి పంచిపెట్టుచుండును. దీనినే న్యాట్ అందురు.

ఇంతవరకు సులభమే. గుమాస్తా తన యూరినుండియే సంఘపు ఖాతాలు చూడవలయునన్నచో చిక్కులు మొదలగును. దీనికై 1995లో ఫిన్లండున పుట్టిన ఎస్‌ఎస్‌హెచ్ అను సాధనమును మేము నెలకొల్పి, తేలికయైన రహస్యపదముతో 22వ ద్వారమును లోకమునకెల్ల తెఱచి యింటికి పోయితిమి. మఱునాడు చిట్టా చూడగా, ఎవరో ఎఱుగనివారు రాత్రియెల్ల వందలకొలది పర్యాయములు తలుపు తట్టియుండిరి! లోనికెవ్వరును రాలేదు గాని, సభ్యుల అప్పుల పద్దులన్నియు ఆ తలుపు వెనుకనే యుండెను గదా. అది మా పుణ్యమేగాని తెలివి గాదు.

నాటినుండి రహస్యపదములు మాని తాళపుచెవి జంటనే వాడుచున్నాము. ఒక చెవి గుమాస్తా కంప్యూటరును విడిచి పోరాదు. దాని జంట సర్వరులో నుండును. గుమాస్తా మాఱిన దినముననే అతని చెవిని సర్వరునుండి తీసివేయవలయును. 2020నుండి లినక్సు గర్భముననే చేరియున్న వైర్‌గార్డ్ మఱింత మేలు. చెవి లేనివాడు తట్టినచో అది బదులే పలుకదు గాన, అచట ద్వారమున్నదని యైనను వానికి తెలియదు.

తీగ కొనుటకు ముందే ఒకటి అడుగవలయును. కొన్ని కంపెనీలు ఒక్క వెలుపలి చిరునామాను పెక్కుమంది ఖాతాదారులకు కలిపి యిచ్చును. అప్పుడు బయటినుండి మన సర్వరును నేరుగా చేరుట సాధ్యము గాదు. ఇది యెఱుగక మేము రెండు దినములు తల బాదుకొంటిమి. స్థిరమైన ప్రత్యేక చిరునామా నిత్తురా యని వ్రాతమూలముగ తెలిసికొనుడు.

కరెంటు పోయి వచ్చినపుడు కంప్యూటరు తనంతట లేచునట్లు దాని బయాస్‌లో కుదుర్చుడు. మేము దీనిని మఱచి, ఒక్క మీట నొక్కుటకై వానలో 14 కిలోమీటర్లు పోవలసివచ్చెను.