నోటు మీద తేదీ చూశారా?

బీటెక్ అయిపోయింది, ఆఫర్ లెటర్ వచ్చింది, జాయినింగ్ డేట్ మాత్రం రాలేదు. ఆ ఎనిమిది నెలలూ ఉస్మాన్‌గంజ్‌లో మా చిన్నాన్న హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాశాను. పప్పులు, ఎండుమిర్చి, చింతపండు. జిల్లాల నుంచి కిరాణా వ్యాపారులు వస్తారు, సరుకు ఎత్తించుకుంటారు, సగం డబ్బిచ్చి మిగతాది ఉద్దెర రాయిస్తారు. బాకీ పెరిగితే ప్రామిసరీ నోటు. ఇంజినీర్‌ని కదా, మొదటి వారమే పాత పద్దు పుస్తకాలన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించేశా. పేరు, ఊరు, బాకీ, వడ్డీ... అన్నిటికీ కాలమ్ పెట్టా. గడువుకు పెట్టలేదు.

ఆ ఒక్క కాలమ్ ఖరీదు లక్షా డెబ్బై వేలు. ఓ పాత ఖాతాదారు 2016 మార్చిలో లక్షా ఎనభై వేలకు నోటు రాసిచ్చాడు. 2018 దీపావళికి వచ్చి, "సేటూ, పదివేలు ఇస్తున్న, రాస్కో" అన్నాడు. రాసుకున్నాం, మా పుస్తకంలో. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. 2019 ఏప్రిల్‌లో నోటు పట్టుకుని వకీలు దగ్గరికి వెళితే ఆయన అంకె చూడలేదు, తేదీ చూశారు. "నెల ముందు రావాల్సింది బాబూ, కాలదోషం పట్టింది" అన్నారు. చిన్నాన్న నన్ను ఒక్క మాటా అనలేదు. తిడితేనే బాగుండేది.

1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం, 'అడిగినప్పుడు చెల్లిస్తాను' అని రాసిన నోటు మీద దావా వేయడానికి నోటు తేదీ నుంచి మూడేళ్లే గడువు. ఉద్దెర సరుకుకూ అంతే. ఎప్పటిలోగా కట్టాలో రాసుకోకపోతే సరుకు ఇచ్చిన రోజు నుంచి లెక్క. ఆ మూడేళ్లలోపు బాకీదారు కొంత కట్టి, నోటు వెనక తన చేతిరాతతోనో సంతకంతోనో చెల్లు రాస్తే మళ్లీ కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. 'ఇంత బాకీ ఉన్నాను' అని సంతకం చేసిన కాగితం ఇచ్చినా అంతే. మా పుస్తకంలో మేం రాసుకున్న పదివేలకు ఆ బలం లేదు. ఫోన్‌పేలో వచ్చినా సరే, ఏ బాకీ కింద వచ్చిందో ఒక సంతకం తీసుకోవడం మేలు. ఇప్పుడు ఆ ఎక్సెల్‌లో గడువుకు మూడు నెలల ముందే గడి ఎర్రబడుతుంది. చెల్లు రాయించుకోవడానికి మాత్రం చిన్నాన్నే బస్సెక్కి వెళ్తాడు.

ఈ కథ చెప్పినప్పటి నుంచి ఫ్రెండ్స్ ఏ ఫోన్ కొనాలని అడగడం తగ్గించి, అప్పుల మీద సందేహాలు అడుగుతున్నారు.

ఎక్కువగా వచ్చేది ఖాళీ చెక్కు గురించి. "సంతకం నాదే, అంకె నేను రాయలేదు కదా, చెల్లదు కదా" అంటారు. ఆ ధీమా వద్దు. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన చెక్కులో మిగతా వివరాలు ఎవరు నింపినా, అది బాకీ కోసమే ఇచ్చారని చట్టం ముందుగా భావిస్తుందని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాదని చూపించాల్సిన భారం సంతకం చేసినవారిదే. సెక్యూరిటీ కింద చెక్కు ఇవ్వక తప్పకపోతే చెక్కు నంబరు, ఎందుకు ఇచ్చారో రాసి, అవతలివారి సంతకంతో ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. బౌన్సయిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో వాళ్లు నోటీసు పంపాలి. అది అందాక 15 రోజుల్లో కట్టేస్తే కేసు ఉండదు. కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు చేయొచ్చు. రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. పోస్టులో వచ్చిన నోటీసు తీసుకోకుండా వెనక్కి పంపితే తప్పించుకున్నట్టు కాదు. ఆ 15 రోజులు మాత్రం చేజారతాయి.

మరి చెక్కు లేని మామూలు అప్పు కట్టలేకపోతే జైలా? కాదు. అది సివిల్ వ్యవహారం. కోర్టు డిక్రీ ఇచ్చాక కూడా, కట్టే స్తోమత లేని మనిషిని కేవలం బాకీ ఉన్నాడని జైల్లో పెట్టకూడదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. స్తోమత ఉండి ఎగ్గొడితే వేరే సంగతి. మోసం కేసు పెట్టాలంటే అప్పు తీసుకునేటప్పుడే ఎగ్గొట్టే ఉద్దేశం ఉండాలి. మనం 'ఫోర్ ట్వంటీ' అనే ఆ నేరం, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్. బాకీలు వసూలు చేసిపెట్టడం పోలీసుల పని కాదు.

స్నేహితుడికి జామీను సంతకం పెడుతున్నారా? వాడెంత బాకీనో మీరూ అంతే బాకీ. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే ముందు వాడిని అడగకుండానే మీ దగ్గరికి రావొచ్చు.

నాన్న చేసిన అప్పు గురించి అడిగినవాళ్ల గొంతులో భయం వేరుగా ఉంటుంది. మీరు జామీను ఉండకపోతే, ఆయన నుంచి మీకు వచ్చిన ఆస్తి మేరకే ఆ బాకీ. మీ జీతం దాకా రాదు. 2005 సెప్టెంబరు 9 తర్వాత చేసిన అప్పులకు, కొడుకన్నాక తీర్చాల్సిందే అనే పాత ధర్మ బాధ్యతను హిందూ వారసత్వ చట్ట సవరణ తీసేసింది.

ఇంగ్లండ్‌లో ఎంఎస్ చేస్తున్న క్లాస్‌మేట్ ఒకడు ఇవన్నీ విని, ఇక్కడా ఇంతేనా అన్నాడు. మన కాంట్రాక్టు చట్టం (1872), చెక్కుల చట్టం (1881) బ్రిటిష్ పాలనలో వచ్చినవే. కానీ అక్కడ మామూలు ఒప్పందం బాకీకి గడువు ఆరేళ్లు. మోసం లేకుండా చెక్కు బౌన్సవడమే అక్కడ నేరం కాదు. మనం కూడా 1988 సవరణతోనే నేరంగా మార్చుకున్నాం.

లోన్ యాప్‌ల సంగతి 2020 చివర్లో హైదరాబాద్‌లో చూశాం, ఆత్మహత్యలు, అరెస్టులు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం అప్పిచ్చే యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు, కాల్ లాగ్ తీసుకోకూడదు. యాప్ అడిగిందంటే అక్కడే ఆపేయండి. ఫొటోలు మార్ఫ్ చేసి బెదిరిస్తే అది నేరం, బాకీ నిజమైనా సరే. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఇక వకీలు ఫీజు ఇచ్చుకోలేమనుకునేవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత సాయం ఉంది. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి చూస్తారు. వెళ్లేటప్పుడు నోటు, చెక్కు కాపీలు, వచ్చిన నోటీసు కవరుతో సహా తీసుకెళ్లండి. కవరు మీద తేదీ ముద్ర ఉంటుంది.