మీకు తెలుసా? వెనక ట్రక్కు ముందు ట్రాక్టరును ఎత్తేయగలదు!

పెనుబల్లి వైపు తోటల నుంచి పామాయిల్ గెలలు అశ్వారావుపేట, అప్పారావుపేట ఫ్యాక్టరీలకు ట్రాక్టరు ట్రక్కుల్లో వెళ్తుంటాయి. రెండు చక్రాల ట్రక్కులో బరువెంత అన్నదే కాదు, ఎక్కడ పడిందన్నదీ చూడాలి. గెలలు వెనక్కి పోగైతే కొక్కెం పైకి లేచి, ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు తగ్గుతుంది. మరీ ముందుకు పడితే ముందు చక్రాలు తేలి, స్టీరింగు మాట వినదు. ఎడ్లబండి నింపేవాళ్లు కాడి బరువు చూసుకునేదీ ఇందుకే. అమెరికాలో కార్ల వెనక కట్టే మామూలు ట్రెయిలర్లకైతే మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద ఉండాలంటారు.

అన్నట్టు, పొలంలో విడివిడిగా తొక్కే రెండు బ్రేకు పెడళ్లను రోడ్డెక్కేముందు గొళ్లెంతో కలపాలి. లేదంటే ఒకవైపు చక్రమే ఆగి బండి తిరగబడొచ్చు. ట్రక్కుకు సొంత బ్రేకులు లేకపోతే డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ చేసే మాటే వద్దు.