ఎయిర్‌షిప్‌ వాయువుకు తొలి జాడ గుంటూరులో!

మీకు తెలుసా? మంటల భయం లేకుండా ఎయిర్‌షిప్‌లను గాల్లో తేల్చే హీలియం జాడ మొదట దొరికింది భూమ్మీద కాదు, సూర్యుడిలో. అది కనిపించింది మన కోస్తా ఊళ్ల నుంచి.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడటానికి ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరులో మకాం వేశారు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వచ్చారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో ఒక పసుపు గీత మెరిసింది. అది సోడియం గీత ఉండే చోటికి బాగా దగ్గర. అందుకే చాలామంది సోడియమే అనుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండ్‌లో ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ లాక్యర్ ఆ గీతను మళ్లీ పట్టుకుని, అది సోడియంది కాదని తేల్చారు. అలా హీలియం లెక్కలోకి వచ్చింది. ఈ కథ చెప్పేటప్పుడు గుంటూరు పేరు ఎక్కడో ఒక మూల వస్తుంది, మచిలీపట్నం పేరైతే చాలాసార్లు రానే రాదు. రెండూ మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సినవి.

జాన్సెన్‌ది అసాధారణమైన పట్టుదల. 1870లో ప్రష్యా సైన్యం పారిస్‌ను చుట్టుముట్టింది. ఆ డిసెంబరు 22న అల్జీరియాలో మరో సంపూర్ణ గ్రహణం. నగరం దాటే దారి లేదు. డిసెంబరు 2 తెల్లవారుజామున ఆయన తన పరికరాలతో సహా ‘వోల్టా’ అనే బెలూన్ ఎక్కి, శత్రుసేనల తలల మీదుగా ఎగిరిపోయి అట్లాంటిక్ తీరానికి దగ్గర్లో దిగారు. బెలూన్‌లో ఉన్నది వీధి దీపాలకు వాడే బొగ్గు గ్యాస్. తీరా అల్జీరియాలోని ఒరాన్ చేరాక, గ్రహణం రోజున మబ్బులు కమ్మేశాయి!

ఆయన గుంటూరులో చూసిన గీత తాలూకు వాయువును భూమ్మీద రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే 1895లో ఒక యురేనియం ఖనిజం నుంచి రాబట్టారు. 1905లో అమెరికాలోని కాన్సాస్ సహజవాయువులో కూడా అది ఉన్నట్టు తేలింది. 1921 డిసెంబరు 1న అమెరికా నౌకాదళం వారి సి-7 హీలియంతో ఎగిరిన మొదటి ఎయిర్‌షిప్ అయింది. హైడ్రోజన్ మోయగల బరువులో దాదాపు 93 శాతం హీలియమూ మోస్తుంది, పైగా అంటుకోదు.

245 మీటర్ల పొడవున్న జర్మనీ ఎయిర్‌షిప్ ‘హిండెన్‌బర్గ్’ను కూడా మొదట హీలియం కోసమే రూపొందించారు. అమెరికా చట్టం ఎగుమతిని అడ్డుకోవడంతో హైడ్రోజన్ నింపారు. 1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో దిగుతూ అది తగలబడింది. అందులో ఉన్న 97 మందిలో 35 మంది, నేల మీద ఒకరు చనిపోయారు. ఆ మంటల్ని చూస్తూ హెర్బర్ట్ మోరిసన్ ఏడుపు గొంతుతో చెప్పిన రేడియో వ్యాఖ్యానం ప్రత్యక్ష ప్రసారమని చాలామంది నమ్మకం. కాదు. అది డిస్కు మీద రికార్డయింది, ప్రసారమైంది ఆ తర్వాతే. ఇప్పుడు మనం చూసే వీడియోల్లో ఆ గొంతును, కెమెరామన్లు వేరుగా తీసిన దృశ్యాలను తర్వాతి కాలంలో జోడించారు.

గాలికన్నా తేలికైన ప్రయాణాలు మన దగ్గర నేటికీ సాగుతున్నాయి. హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బెలూన్ కేంద్రం నుంచి పలుచని పాలిథీన్ బెలూన్లు శాస్త్ర పరికరాలను మోసుకుంటూ 30 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు వెళతాయి. వీటిలో నింపేది హైడ్రోజనే. పని పూర్తయ్యాక పరికరాలు పారాచూట్‌తో ఎవరి చేలోనైనా దిగవచ్చు. కొన్నింటిలో ప్రమాదకరమైన హైవోల్టేజీ ఉంటుంది, విప్పితే సేకరించిన సమాచారమూ పోతుంది. అలాంటి పెట్టె మీ ఊళ్లో కనిపిస్తే ముట్టుకోకండి. దాని మీద రాసి ఉన్న నంబరుకో, దగ్గర్లోని పోలీస్‌స్టేషన్‌కో చెప్పండి.